పోర్టోపియా హత్యాకథ: మూడు పాఠములు, ఆటగాండ్ర తీర్పులు

1983వ సంవత్సరము జూన్ నెలలో జపాను దేశమున ఎనిక్స్ అను సంస్థ ‘పోర్టోపియా రెన్‌జొకు సత్సుజిన్ జికెన్’ అను పేరుతో ఒక కంప్యూటరు ఆటను వెలువరించెను. ‘పోర్టోపియా వరుస హత్యల వ్యవహారము’ అని దాని యర్థము. కోబె రేవునానుకొని కట్టిన కృత్రిమ ద్వీపముపై 1981లో పోర్టోపియా అను గొప్ప ప్రదర్శన జరిగినది. పేరు దానినుండి వచ్చినదే. రచయిత యుజి హోరీ. ఇందు కత్తియుద్ధములు లేవు, శత్రువిమానములు లేవు. అప్పులిచ్చు సంస్థకధిపతియైన కోజో యమకవ అనువాడు తాళము వేసియున్న తన గదిలో శవమై కనబడును. హంతకుని పట్టుకొనవలసిన పోలీసు అధికారి తెరముందు కూర్చున్న ఆటగాడే. ఆ యధికారికి పేరు లేదు, ముఖము లేదు. అతని మాట విని పనులు చేయు సహాయకుడొకడు మాత్రము గలడు. వాని పేరు యసుహికో మనో; ఎల్లరును వానిని యసు అని పిలుతురు.

ఈ యాట పెక్కు యంత్రములకు మార్చబడినను, మా చర్చకు ముఖ్యములైన పాఠములు మూడు: 1983 నాటి మూలము, 1985లో నింటెండోవారి ఫామికామ్ యంత్రమునకై చేసిన రూపము, 2023లో నవీన భాషాయంత్రముల సాయమున చేసిన పునర్నిర్మాణము. రెండవదానిని జనులు నెత్తికెత్తుకొనిరి. మూడవదానిని దాదాపు ఏకకంఠముతో నిరసించిరి. కథ ఒక్కటే, హంతకుడొక్కడే. తీర్పులలో ఇంత యంతరమేల కలిగెనను ప్రశ్నయే ఈ వ్యాసమునకు విషయము.

తెలుగు శాఖవారి పత్రికలో జపాను ఆటల ప్రస్తావన యేమని కొందఱడుగవచ్చును. తాళపత్ర ప్రతులను పోల్చి పాఠభేదములను నిర్ణయించుట మనకలవాటైన పని. లేఖకుడేమి మార్చెను, ఏల మార్చెను, ఆ మార్పును చదువరులెట్లు గ్రహించిరి అను విచారణ తాటాకునకు మాత్రమే పరిమితమైనది కాదు. పైగా, మన ప్రాచీన కావ్యముల విషయమున పాఠకుల అభిప్రాయములు వ్యాఖ్యాతల ద్వారమున తప్ప మనకు దొరకవు. ఇక్కడనో, సామాన్యులైన చదువరులు స్వహస్తముతో వ్రాసిన తీర్పులు వేలకొలది యున్నవి.

మొదటి పాఠమును చూతము. ఎన్.ఇ.సి. సంస్థవారి పి.సి. 6001 అను చిన్న కంప్యూటరుపై ఈ యాట తొలుత వెలసినది. ఆటగాడు మీటలపై జపాను అక్షరములలో ఒక క్రియను, ఒక నామమును టైపు చేయవలెను. ‘ఫలానా చోటికి పొమ్ము’, ‘ఫలానా వస్తువును పరీక్షింపుము’ అను తీరున ఆ యాజ్ఞ యసునకు చేరును. యంత్రమెఱిగిన మాటయైనచో యసు ఆ పని చేసి, కనుగొన్నది విన్నవించును. ఎఱుగని మాటయైనచో అర్థము కాలేదనును. ఆటగాడు పర్యాయపదము కొఱకు వెదకవలెను. అమెరికాలో ఇట్టి మాటల ఆటలు అంతకుముందే యుండెను. హోరీ వాటిని గూర్చి ఒక పత్రికలో చదివి, తానట్టిదానిని వ్రాయగోరెనని చెప్పుదురు. ఆయన వృత్తిచేత పత్రికారచయిత. 1982లో ఎనిక్స్ వారు జరిపిన ఆటల పోటీలో టెన్నిసు ఆట నొకదానిని పంపి బహుమతి పొందినవాడు. ఆ పోటీలోనే బహుమతి పొందిన మఱియొక యువకుడు కోఇచి నకమురా. ఈ రెండవ పేరు పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు ముందు దీనితో పని గలదు.

టైపు చేయు పద్ధతిలో ఒక సుఖము, ఒక కష్టము గలవు. ఏమి చేయవలెనో తానే ఊహించి చెప్పితినను తృప్తి సుఖము. ఆలోచన సరియైనదే అయినను ఆ మాట యంత్రమునకు తెలియనందున ద్వారము తెఱచుకొనకపోవుట కష్టము. ఈ రెండవది అపరాధపరిశోధన కాదు, నిఘంటుశోధన. అనుమానితుని వెదకవలసినవాడు క్రియాపదమును వెదకుచు రాత్రులు గడపవలసి వచ్చును.

1985 నవంబరులో ఫామికామ్ పాఠము వెలువడినది. ఆ యంత్రమునకు సామాన్యముగా మీటల పలక యుండదు. చేతిలో పట్టుకొను చిన్న పెట్టెమీది నాలుగు దిక్కుల గుర్తు, రెండు మూడు బొత్తాములు మాత్రమే. కావున ఆజ్ఞలన్నియు తెరపై పట్టికగా వ్రాయబడినవి. చోటు మారుట, మనుష్యుని ప్రశ్నించుట, వస్తువును పరీక్షించుట, చూపుట, పిలుచుట, కొట్టుట, ఏదైనను తీయుట, ఫోను చేయుట, అరెస్టు చేయుట, దర్యాప్తు మానుట మున్నగునవి మొత్తము పదునాలుగు. ఆటగాడు మాటను కనిపెట్టనక్కఱలేదు, ఎన్నుకొన్న చాలును. ఈ రూపమును సిద్ధపఱచినది చున్‌సాఫ్ట్ అను చిన్న సంస్థ. దాని స్థాపకుడు పైన చెప్పిన నకమురా.

ఇచ్చట వాడుకలోనున్న ఒక యభిప్రాయమును సవరింపవలసియున్నది. మీటల పలక లేకుండుటచేతనే ఈ పట్టిక పద్ధతి పుట్టినదని పలువురు వ్రాయుదురు. అది సగము నిజము మాత్రమే. హోరీ 1984లోనే ‘ఓహోత్‌స్క్ సముద్రములో అంతర్ధానము’ అను భావము వచ్చు పేరుతో హొక్కైదో ద్వీపమందలి హత్యల కథ నొకదానిని మీటల పలక గల కంప్యూటర్లకే వ్రాసెను. అందప్పుడే ఆజ్ఞలను పట్టికనుండి ఎన్నుకొను పద్ధతి ప్రవేశపెట్టబడినది. అనగా, మాట వెదకు కష్టము ఆటకు శత్రువని రచయిత స్వయముగా గ్రహించి మార్చుకొన్నాడు. యంత్రపు లోపము తరువాత వచ్చి ఆ మార్పునకు బలము చేకూర్చినది. మూలపాఠమును రచయితయే తిరస్కరించెనను ఈ సంగతి 2023 నాటి తీర్పులను విచారించునపుడు మిక్కిలి ముఖ్యము.

ఫామికామ్ పాఠమున చేరిన మఱియొక యంశము, యమకవ భవనము క్రింది చిక్కుదారుల నేలమాళిగ. మూలమున లేనిది కావున మన పరిభాషలో దీనిని ప్రక్షిప్తమనవలెను. కాని ప్రక్షేపించినవాడు పరులు కాదు, రచయితయు ఆయన సహచరులే. కథకు దానివలన పెద్దగా ఒరిగినదేమియు లేదని మా యభిప్రాయము. దారి తప్పి విసిగినవారు అప్పుడును గలరు, నేటికిని గలరు. అయినను ఆట ఏడు లక్షలకు మించి అమ్ముడుపోయెనందురు. హిదెఓ కొజిమ వంటి తరువాతి ప్రసిద్ధ రచయితలు తాము ఈ రంగమున ప్రవేశించుటకు ప్రేరణ కలిగించిన ఆటలలో దీనిని పేర్కొనిరి.

ఇక రహస్యము. జపానులో ఈ యాటను ముట్టనివారు సైతము ఎఱిగిన వాక్యమొకటి గలదు: హంతకుడు యసు. అది లోకోక్తియై, ఏ కథ ముగింపునైనను ముందే చెప్పివేయువారిని ఎత్తిపొడుచుటకు వాడబడుచున్నది. నలుబది యేండ్లుగా బట్టబయలైన దానిని మేము దాచుట హాస్యాస్పదము. యమకవ చేసిన మోసమువలన తలిదండ్రులను పోగొట్టుకొన్న అన్నాచెల్లెండ్రలో అన్న యీ యసు. వాని భుజముపై సీతాకోకచిలుక వంటి మచ్చ యుండును. ఆ మచ్చను చూచుటకు ఆటగాడు యసునే వస్త్రము తీయుమని ఆజ్ఞాపింపవలెను.

ఇందలి చమత్కారమును కొంత నిలిచి చూడవలెను. సహాయకుడే హంతకుడగుట నవలలలో క్రొత్త కాదు. కాని ఇచ్చట యసు కథలోని పాత్ర మాత్రమే కాదు. ఆటగానికిని కథాలోకమునకును నడుమనున్న ద్వారము. ఆటగాడు చూచునది యసు కన్నులతో, వినునది యసు చెవులతో. ఆజ్ఞల పట్టికను మనము యంత్రభాగముగా తలంతుము, బొత్తామును అనుమానించువారెవరు? కడకు ఆ బొత్తామే నేరస్థుడని తేలును. నవలలో కథకుడే హంతకుడని తేలినపుడు కలుగు విస్మయము దీనికి దగ్గఱ. అయినను అక్కడ చదువరి వినువాడు, ఇక్కడ ఆజ్ఞాపించువాడు. తాను పంపగా పోయి వెదకినవాడే ఆధారములనెఱిగి నడచుచుండెనని తెలిసినపుడు, అంతవఱకు తానిచ్చిన ప్రతి యాజ్ఞయు వేఱు వెలుగులో కనబడును. పట్టిక పద్ధతి ఈ చమత్కారమునకు హాని చేయకపోవుటే కాక మేలు చేసినది. ‘ఏదైనను తీయుము’ అను సామాన్యమైన యాజ్ఞ మొదటినుండి కన్నులయెదుటనే యున్నది. దానిని యసుపై ప్రయోగింపవలెనను తలంపు మాత్రమే లేదు. మాట తెలియకపోవుట వలన గాక, తలంపు రాకపోవుట వలన ఆటగాడు ఓడెను. అపరాధకథలో న్యాయమైన యోటమి యిదియే.

2003లో ఎనిక్స్ సంస్థ స్క్వేర్ సంస్థతో కలిసి స్క్వేర్ ఎనిక్స్ అయినది. 2023 ఏప్రిల్‌లో ఈ సంస్థవారు పోర్టోపియాను క్రొత్త చిత్రములతో, ఉచితముగా, స్టీమ్ అను విక్రయశాలయందుంచిరి. దీనిని ఆటగా గాక, కృత్రిమమేధచే మనుష్యభాషను గ్రహించు విధానమునకు నిదర్శనముగా వారు ప్రకటించిరి. పట్టిక పోయినది, టైపు చేయుట మరల వచ్చినది. ఆటగాడు తనకు తోచిన వాక్యమును తోచిన తీరున వ్రాయవచ్చును. శక్తిగల యంత్రమున్నచో నోటితోనే చెప్పవచ్చును. యసు దానిని గ్రహించి మెలగును. 1983 నాటి కష్టము తీఱి ఆనాటి సుఖము మాత్రము నిలుచునని ఆశ. ఈ యాశ తప్పని మేమనము. పై పై చూపునకు ఇంతకంటె సహజమైన పునర్నిర్మాణము మఱియొకటి లేదు.

ఫలితము విపరీతమైనది. స్టీమ్‌లో తీర్పు వ్రాసినవారిలో అత్యధికులు దీనిని నిరసించిరి. ఆ శాలవారి కొలమానమున ‘మిక్కిలి ప్రతికూలము’ అను ముద్ర పడినది. వారి ఆక్షేపణల సారము దాదాపు ఒక్కటే. ఏమి వ్రాసినను యసు గ్రహింపడు, ‘ఊఁ...’ అని యూరకుండును, లేదా చేతిలోని పని చూడవలెనని దాటవేయును. ఒకే ప్రశ్నను కొంచెము మార్చి యడిగిన గ్రహించును, మఱికొంచెము మార్చిన గ్రహింపడు. పాత పట్టికయే వేయిరెట్లు మేలని కొందఱు వ్రాసిరి. అనగా 1984లో రచయిత యే కారణమున టైపు పద్ధతిని విడిచెనో, ఆ కారణమునే 2023 నాటి ఆటగాండ్రు చరిత్ర నెఱుగకయే మరల కనుగొనిరి.

అయితే ఈ తీర్పులను ఉన్నవియున్నట్లుగా ప్రమాణముగా గ్రహింపరాదు. వాటి వెనుక కాలము గలదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడి, యంత్రముతో ధారాళముగా సంభాషింపవచ్చునను అనుభవము లోకమున వ్యాపించియుండెను. ఆ వెంటనే వచ్చిన యసు నుండి ఆటగాండ్రు అట్టి వాగ్ధోరణినే కోరిరి. స్క్వేర్ ఎనిక్స్ వారు యంత్రము స్వయముగా వాక్యములను కల్పించు భాగమును, అనుచితములైన సమాధానములు రావచ్చునను భయమున, ముందుగానే తొలగించియుండిరి. కావున యసు వినుటకు ప్రయత్నించునే గాని, క్రొత్తగా పలుకలేడు. వినగలిగినను పలుకలేనివాడు జనులకు విననివానివలెనే తోచెను. ఆరునెలలు ముందు వచ్చియున్నచో తీర్పు కొంత మెత్తగా నుండెడిదేమో యని మాకు తోచుచున్నది. మొత్తముమీద మాఱెడిది కాదు.

మఱియొక సంగతి. ఆంగ్లమున ఈ కథ అధికారికముగా వెలువడుట అదియే మొదటిసారి. జపానీయులు కాని పెక్కుమందికి యసును కలిసికొను తొలి యవకాశమది. ఒక భాషలో లోకోక్తిగా మాఱిన గ్రంథము, పరభాషలోనికి నలుబది యేండ్ల తరువాత, అదియును ఒక యంత్రపరీక్షకు ఉదాహరణముగా ప్రవేశించినది. పరీక్ష తప్పినందున గ్రంథమును తప్పినట్లే కొందఱు తలంచిరి. తీర్పులలో కథను గూర్చిన చర్చ స్వల్పము. యంత్రమును గూర్చినదే అధికము. పునర్నిర్మాణము మూలమునకు చేయగల యన్యాయమిదియే. చెడ్డ ముద్రణను చూచి కవిని నిందించినట్లున్నది.

ఇప్పుడు నకమురా కడకు వత్తము. పోర్టోపియా ఫామికామ్ రూపమును తీర్చిన ఆ చేతులే 1992లో ‘ఒతొగిరిసో’ అను క్రొత్త మాదిరి కథాక్రీడకును, 1994 నవంబరులో ‘కమైతచి నో యోరు’ అను ప్రసిద్ధమైన హత్యాకథకును రూపమిచ్చినవి. కమైతచి యనగా గాలిలో వచ్చి కొడవలితో కోసినట్లు చర్మమును చీల్చునని జపాను జానపదులు నమ్ము ఒక భూతము. రచన తకెమరు అబికో అను అపరాధనవలాకారునిది. మంచుతుపానులో చిక్కిన కొండ విడిదియందు ముక్కలైన శవము కనబడును. ఆటగాడు తెరనిండ వచనము చదువుచు, నడుమ నడుమ వచ్చు దారులలో ఒకదానిని ఎన్నుకొనుచు పోవలెను. తప్పుదారి పట్టిన కొలది మఱికొందఱు చత్తురు. ఆజ్ఞల పట్టిక ఇచ్చట కథయొక్క కొమ్మలుగా మాఱినది. అయితే ఒక్క కీలకస్థలమున పట్టిక తొలగును. హంతకుని పేరును ఆటగాడే అక్షరమక్షరముగా వ్రాయవలెను. 1983 నాటి టైపు పద్ధతిలో మేలైన భాగమెంతో అంతమాత్రమే ఇచ్చట మిగిలినదని మేము తలంతుము. మాటయు తలంపును ఒక్కటైన చోటనే ఆటగానిచే వ్రాయించుట వివేకము. (ఈ కథలో హంతకుడెవరో మేము చెప్పము. యసు విషయమున చేసిన పాపము చాలును.)

ఈ యాటలోని మనుష్యులందఱు లేతనీలి నీడలు. ముఖములుండవు, నిలుచు తీరు, తల ఆకారము మాత్రమే. వెనుక గదులు, మంచు మాత్రము ఛాయాచిత్రములవలె నుండును. దీనివలన రెండు ప్రయోజనములు కలిగినవి. ముఖమును చదువరియే ఊహించుకొనును. ఎవని ముఖమును దోషమును బయటపెట్టదు. చిత్రకారుడు ఒకని కన్నులను కొంచెము ఇఱుకుగా గీసిన చాలును, అనుమానమటు పోవును. నీడలయందు అట్టి పక్షపాతమునకు తావు లేదు.

2017లో ఈ యాటను పునర్నిర్మించినపుడు నీడలను తీసివేసి యానిమే బొమ్మలనుంచిరి, స్వరములను చేర్చిరి, ర్యుకిషి07 అను రచయితచే ఒక క్రొత్త కథాభాగమును వ్రాయించిరి. పాత చదువరులు మిక్కిలి నొచ్చుకొనిరి. వారి యాక్షేపణలో బాల్యస్మృతుల మమకారము కొంత లేకపోలేదు. అయినను అది అంతయు మమకారమే యని కొట్టివేయరాదు. నీడ యలంకారము కాదు, కథానిర్మాణములో నొక భాగమని వారు నిరూపించినట్లైనది. బొమ్మ చక్కగా నున్నదా లేదా యను ప్రశ్న ఇచ్చట అప్రస్తుతము. క్రొత్తగా ఆ బొమ్మలతోనే తొలుత పరిచయమైన యువకులకు ఈ బాధ లేకుండుటయు సహజమే. మూడవ భాగముగా 2006లో వచ్చిన గ్రంథమును 2024లో మరల ప్రకటించినపుడు నీడలు నీడలుగానే యుండినవి. 2014లో ఆంగ్లీకరించినవారైతే కథను కెనడా దేశపు కొండలకు తరలించి పేర్లను సైతము మార్చిరి. దానిని అనువాదమనుటకంటె అనుసరణమనుట మేలు.

నింటెండోవారి ‘ఫామికామ్ డిటెక్టివ్ క్లబ్’ కథలను గూర్చి కొంచెము చెప్పి ముగింతుము. 1988, 1989 సంవత్సరములలో యొషిఓ సకమొతొ రచించిన ఈ రెండింటిని 2021 మే నెలలో నూతన చిత్రములతో, పూర్తి స్వరములతో పునర్నిర్మించిరి. ఆజ్ఞల పట్టికను మాత్రము దాదాపు యథాతథముగా ఉంచిరి. తీర్పులు రెండుగా చీలినవి. బొమ్మలను, కథను, గ్రామీణ భయానక వాతావరణమును మెచ్చినవారే, కథ ముందుకు సాగుటకు ఒకే ప్రశ్నను రెండు మూడుమాఱులు అడుగవలసి వచ్చుటను, తర్కమునకందని యాజ్ఞను వెదకవలసి వచ్చుటను ఆక్షేపించిరి. ఇందు నవ్వు పుట్టించు సంగతి యొకటి గలదు: 1985లో కష్టనివారణకై వచ్చిన పట్టికయే 2021 నాటికి కష్టమైనది. హోరీ రచించిన హొక్కైదో కథను 2024లో పునర్నిర్మించినవారు పట్టికనే నిలిపి, ఫామికామ్ నాటి చిత్రకారుడైన కియొకజు అరాయ్ చేతనే బొమ్మలు గీయించి, కథకు తరువాతి భాగమును చేర్చిరి. పాత హస్తమే మార్పు చేసినపుడు చదువరులు సహింతురనుటకు దీనిని ఉదాహరణముగా చూపవచ్చును.

పోర్టోపియా పాఠములను పోల్చ నుద్దేశించు పరిశోధక విద్యార్థులు 2023 నాటి ప్రతితో ఆరంభింపరాదు. అది సులభముగా, వెల లేకుండ దొరకుటయే దానిలోని అపాయము. 1985 పాఠమును ముందు ముగించి, ఆ పదునాలుగు ఆజ్ఞలను ఒక కాగితముపై వ్రాసికొని, ఏ యాజ్ఞను ఎవరిపై ప్రయోగించుటకు తమకు ఆలస్యముగా తోచినదో గుర్తించి, అటుపిమ్మట క్రొత్త యసును అదే ప్రశ్నలడిగి చూడవలెను. వాడు ‘ఊఁ’ అని యూరకున్న చోటులను లెక్కించునపుడు, నోరు విప్పకుండుటకు వానికి కథలోనే తగిన కారణమున్నదని మఱవరాదు.